తన వంతు వాక్యం

కోలారు బంగారు గనుల ప్రాంతంలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో బైబిలు లేని ఇల్లు మేము చూడలేదు. కొన్ని ఇండ్లలో ఆ పుస్తకం వయస్సు ఇంటి పెద్ద వయస్సుకంటె ఎక్కువ. అట్ట లోపలి తెల్లకాగితంమీద తాతలనాటి పెండ్లిళ్లు, బిడ్డల పుట్టినరోజులు, పోయినవారి తేదీలు వరుసగా వ్రాసి ఉంటాయి. కొత్త ఇంట్లోకి మొదట అదే వెళుతుంది. జబ్బుపడినవారి తలగడ పక్కన అదే ఉంటుంది. ఇంతటి గౌరవం పొందిన గ్రంథాన్ని మనం ఏ విధంగా చదువుతున్నాము, చదివినందువల్ల మనలో ఏమి మారుతున్నది అనే సంగతే ఇక్కడ ఆలోచించదలచాము.

ఈ పత్రిక చదివేవారిలో పలు మతాలవారు ఉన్నారు. మా మతంలోకి ఎవరినీ పిలవడానికి ఇది వ్రాయడం లేదు. గీతా పారాయణం చేసేవారికి, ఖురాను చదివేవారికి కూడ ఈ చిక్కు తెలిసినదే అయి ఉంటుందని మా నమ్మకం. వేమన పద్యం ఒకటి, ఇతరుల తప్పులు లెక్కపెట్టేవారిని గురించినది, చిన్నప్పుడే మనందరిచేత వల్లె వేయించారు గదా! ఆ పద్యం వినగానే మనకు జ్ఞాపకం వచ్చేది పక్కింటివారే. చిక్కంతా అక్కడే ఉంది.

మేమంటే ఎనిమిది కుటుంబాలవాళ్లం. మా పెద్దలు చిత్తూరు జిల్లానుంచి గని పనికి వచ్చినవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మా బిడ్డలలో సగంమంది తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి, చీకటిపడ్డాక తిరిగివస్తున్నారు. అందరం కలిసేది ఆదివారం సాయంకాలం ఒక్కటే. ఒక్కొక్క వారం ఒక్కొక్క ఇంట్లో కూర్చుని, వంతులవారీగా ఒక అధ్యాయం పైకి చదివి, దాన్ని గురించి మాట్లాడుకొంటాము. పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. వీధిలో తమిళం మాట్లాడతారు. వాళ్లకు తెలుగు అక్షరాలు పట్టుబడేది ఈ చదువులోనే. చదువు మాత్రం తెలుగులోనే జరగాలని మా పెద్దల నియమం. ఆ నియమం భాషాభిమానంతో పెట్టిందని మొదట అనుకొన్నాము. దానివల్ల మరొక లాభం ఉన్నదని తరువాత తెలిసింది. అది ముందు చెపుతాము.

సువార్తలలో యేసు అన్నిటికంటె గట్టిగా మందలించినది కపటాన్ని. కపటికి మన తెలుగు బైబిలులో వాడిన మాట ‘వేషధారి’. ఈ మాటకు మూలమైన గ్రీకు మాటకు అర్థం రంగస్థలంమీద వేషం కట్టే నటుడనే. ఇంగ్లీషువారు ఆ గ్రీకు మాటనే కొద్దిగా మార్చి వాడుకొంటున్నారు గనుక, అందులోని నటుడు వారి చెవికి వినిపించడు. మనకు వినిపిస్తాడు. వీధిభాగవతం చూసిన ముసలమ్మకు వేషధారి అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రాత్రంతా రాజుగా గద్దెమీద కూర్చున్నవాడు తెల్లవారి రంగు కడుక్కొని కూలికి పోతాడు. వాడు మోసగాడు కాడు; అది వేషమని వాడికీ తెలుసు, చూసేవారికీ తెలుసు. గుడిలో వేషం కట్టినవాడికైతే అది వేషమన్న సంగతి తనకే జ్ఞాపకం ఉండదు. తల్లిభాషలో చదివితే ఇట్లాంటి మాటలు నేరుగా వచ్చి తగులుతాయి. పరభాషలో తప్పించుకొనేందుకు కొంత సందు ఉంటుంది.

మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయినది 1812లో, శ్రీరాంపురంలో. విశాఖపట్నంలో ఉండిన లండను మిషనువారు మన దేశస్థుల సహాయంతో చేసిన అనువాదమది. అప్పటినుంచి రెండువందల యేండ్లకు పైగా ఈ మాటలు మన నోళ్లలో నలుగుతున్నాయి. నలిగిన మాటకు ఒక ప్రమాదం ఉంది. అలవాటయిన కొద్దీ అది మన చేతిలో పనిముట్టు అవుతుంది. వాక్యం చదవగానే అది ఎవరికి సరిపోతుందో వెతకడం మొదలవుతుంది. అత్త చదివితే కోడలికి, కోడలు చదివితే అత్తకు, సంఘస్థులు చదివితే పెద్దలకు, పెద్దలు చదివితే యువకులకు. ఒక్కొక్క వాక్యం చీటీ అంటించిన పొట్లంలాగా ఎవరింటికో పోవడానికి సిద్ధంగా ఉంటుంది. చదివినవారి వంతుకు మాత్రం ఏమీ మిగలదు.

ఈ గుణం కొత్తది కాదు. గ్రంథమే దాన్ని చక్కగా చూపించింది. దావీదు రాజు ఊరియా భార్యను తెచ్చుకొని, ఊరియాను యుద్ధంలో ముందువరుసన నిలబెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి రాజును నేరుగా నిందించలేదు. ఒక కథ చెప్పాడు. ఒక ఊళ్లో ఇద్దరు మనుషులు. ఒకడికి మందలకు మందలు. రెండవవాడికి ఉన్నది ఒకే ఒక గొర్రెపిల్ల, బిడ్డలాగా పెంచుకొన్నాడు. ఉన్నవాడి ఇంటికి చుట్టం వస్తే, తన మందలోది కోయడానికి చేతులురాక, పేదవాడి గొర్రెపిల్లను పట్టుకుపోయి వండించాడు. ఇది వినగానే దావీదు మండిపడ్డాడు. వాడు చావదగినవాడని, ఆ గొర్రెకు నాలుగింతలు ఇచ్చుకోవాలని తీర్పు చెప్పాడు. ఆ మనిషివి నీవేనని ప్రవక్త అప్పుడు తేల్చాడు.

ఇక్కడ మనం గమనించవలసినది దావీదు న్యాయబుద్ధి చావలేదని. అది నిండుగా పనిచేస్తూనే ఉంది. గొర్రెపిల్ల పోయిన పేదవాడికోసం రాజు కడుపు తరుక్కుపోయింది. అయితే ఆ బుద్ధి బయటికే చూస్తున్నది. దాన్ని లోపలికి త్రిప్పడానికి ఇంకొకడు రావలసివచ్చింది. మంచిచెడ్డలు తెలియనందువల్ల చెడినవారు లోకంలో కొద్దిమంది. తెలిసిన మంచిచెడ్డలను తనమీద ప్రయోగించుకోనందువల్ల చెడినవారే ఎక్కువ.

ప్రార్థన చేయడానికి దేవాలయానికి పోయిన పరిసయ్యుడు, సుంకరి కథ అందరికీ తెలిసినదే. పరిసయ్యుడు తాను ఇతరులవంటివాడు కానందుకు దేవునికి వందనాలు చెప్పుకొన్నాడు. సుంకరి దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకొన్నాడు. ఈ కథ చదివి పుస్తకం మూస్తూ, ‘దేవా, మేము ఆ పరిసయ్యుని వంటివాళ్లం కాము, నీకు స్తోత్రం’ అనుకోవడం ఎంత సులభం! ఆ మాట అనుకొన్న క్షణంలోనే పరిసయ్యుని పక్కన మనకొక పీట పడుతుంది. ఇంత సన్నని కథ ఇది.

మా కూటంలో కొంతకాలం క్రింద ఒక చిన్న ఏర్పాటు జరిగింది. మాలో ఒక ఇంటి కోడలు బడిపంతులమ్మ. వయస్సులో అందరికంటె చిన్నది. ఒక నెలపాటు ‘నేను’, ‘నాకు’, ‘నాలో’ అనే మాటలతోనే మాట్లాడుదామని ఆమె అన్నది. ‘కొందరు’, ‘ఈ కాలపు పిల్లలు’, ‘సంఘంలో పెద్దలు’ అనే మాటలు వాడరాదు. అందరూ సరేనన్నారు. మామూలుగా గంటన్నర పట్టే కూటం ఆ ఆదివారం అరగంటలో ముగిసింది.

రెండవ వారం లూకా సువార్త 19వ అధ్యాయం వచ్చింది. అందులో జక్కయ్య ఉన్నాడు. యెరికోలో సుంకరుల పెద్ద, ధనవంతుడు, పొట్టివాడు. యేసును చూడాలని చెట్టెక్కాడు. ఆయన పిలిస్తే దిగివచ్చి ఇంటికి తీసుకుపోయాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకొన్నది ఏదైనా ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానని ఎవరూ అడగకుండానే నిలబడి చెప్పాడు. నాలుగింతలనే మాట పాఠకులు ఇంతకుముందు విన్నారు. గొర్రెను దొంగిలించి కోసినవాడు నాలుగు గొర్రెలు ఇచ్చుకోవాలని మోషే ధర్మశాస్త్రం. అదే లెక్క దావీదు మరొకడికి విధించాడు. జక్కయ్య తనకు తానే విధించుకొన్నాడు. గ్రంథపఠనంలో రెండు దారులు ఇవే. లెక్క ఒక్కటే, దాన్ని ఎవరి ఖాతాలో వ్రాస్తాము అన్నదే తేడా.

ఆ రోజు మాట్లాడినవారు ఒక పెద్దాయన. ముప్పైయేండ్లకు పైగా గనిలో పనిచేసినవారు. ఆయన సమ్మతితోనే, పేరు లేకుండా ఇది వ్రాస్తున్నాము. గని మూసినప్పుడు వచ్చిన డబ్బుతో, వి.కోట దగ్గర తన తండ్రి తాకట్టు పెట్టిపోయిన మూడెకరాలు ఆయన విడిపించారు. విడిపించినది తానే గనుక కాగితాలు తన ఒక్కరి పేరనే వ్రాయించుకొన్నారు. తోడబుట్టిన చెల్లెలు ఒకతె ఉన్నది, భర్త పోయినది. ఆమె భాగం అడిగితే, ‘డబ్బు పోసినది నేను’ అని చెప్పి పంపారు. అప్పటినుంచి రెండిళ్ల మధ్య రాకపోకలు లేవు.

ఆయన మొదట, “చెల్లెలి భాగం నా దగ్గర ఉండిపోయింది, కాని విడిపించింది నేనే గదా” అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆయనే, “ఆ రెండో మాట తీసేయండి నాయనా. చెల్లెలి భాగం నా దగ్గర ఉండిపోయింది. అంతే” అన్నారు.

‘ఒప్పుకొనుట’ అని మన బైబిలులో ఒక మాట ఉంది. పాపాన్ని ఒప్పుకోవడం. మన వాడుకలో ఈ మాటకు రెండు అర్థాలు: చేసినది చేశానని చెప్పడం ఒకటి, ఎదుటివారితో ఏకీభవించడం రెండవది. మూలంలోని గ్రీకు మాటకు కూడ ‘అదే మాట తానూ అనడం’ అని అర్థం. దేవుడు నన్నుగూర్చి ఏమంటాడో, ఏమీ కలపకుండా, ఏమీ తీయకుండా నేనూ అదే అనడం ఒప్పుకోలు. పెద్దాయన తీసేయమన్న ‘కాని’ అనే రెండక్షరాలే మనుషులందరి ఒప్పుకోలుకూ అడ్డం. మనం ఉత్త తప్పు ఎప్పుడూ చెప్పము. దాని పక్కన ఒక కారణాన్ని కాపలా పెట్టి చెపుతాము.

పెద్దాయన చాలాకాలంగా ప్రభువు బల్లకు రావడం లేదు. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం వెనుక వరుసలో కూర్చుని, ఆ సమయానికి బయటికి పోయేవారు. తన్ను తాను పరీక్షించుకొని బల్లకు రావాలని కొరింథీయులకు పౌలు వ్రాసిన మాటకు భయపడి అట్లా చేసేవారు. మా సంఘాలలో ఇట్లా వెనుకకు తగ్గేవారు ఊరికి కొందరు ఉంటారు. పౌలు మాట జాగ్రత్తగా చదివితే, పరీక్షించుకొని మానివేయమని లేదు. పరీక్షించుకొని ఆ మీదట తినమనే ఉంది. పరీక్ష బల్లకు దారే గాని, గేటుకు వేసిన తాళం కాదు. కొండమీది ప్రసంగంలో యేసు చెప్పినదీ ఇటువంటిదే. అర్పణం తెచ్చినవాడికి, తనమీద సహోదరుడికి ఏదో ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణం అక్కడే విడిచిపెట్టి ముందు పోయి సమాధానపడి, మళ్లీ వచ్చి అర్పించాలి. మొదట పోవాలి, తరువాత రావాలి. పెద్దాయన ఇన్నాళ్లూ రావడం మానుకొన్నారు గాని పోవడం మొదలుపెట్టలేదు.

ఆ పోవడం సులభంగా జరగలేదు. భూమి ధరలు వెనుకటిలాగా లేవు. పెద్దకొడుకు ఆ చోట ఇల్లు కట్టుకోవాలని లెక్కలు వేసుకొన్నాడు. ‘బైబిలు చదివి బిడ్డల నోట్లో మన్ను కొడతావా నాయనా’ అన్నాడు. అతని బాధ కూడ ఉత్తది కాదు. అతడు రోజూ రైలులో పోయి వచ్చి సంసారం ఈదుతున్న మనిషి. పెద్దాయన నాలుగు నెలలు ఆలోచించి, ఎకరంన్నర చెల్లెలి పేర వ్రాసి రిజిస్టరు చేయించారు. చెల్లెలు కాగితాలు తీసుకొని కొంగున చుట్టుకొన్నదట. భోజనానికి ఇంటికి రమ్మనలేదు. “ఇన్నేండ్ల మాట ఒక సంతకంతో పోతుందా అన్నా” అని మాత్రం అన్నదట. ఆ క్రిస్మసుకు ఒక బస్తా రాగులు పంపింది. మాట ఇంకా రాలేదు, రాగులు వచ్చాయి. పెద్దకొడుకు మా కూటానికి రావడం మానేశాడు. అతని భార్యాబిడ్డలు వస్తున్నారు. ఇంతవరకే జరిగింది గనుక ఇంతవరకే వ్రాస్తున్నాము. పెద్దాయన మాత్రం ఇప్పుడు బల్లకు వస్తున్నారు.

నెల ఏర్పాటులో మరొక సంగతి కూడ జరిగింది. అది చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మూడవ వారం ఒక గృహిణి, తన భర్త తాగి వచ్చి కొట్టడానికి తన ఓర్పు చాలకపోవడమే కారణమని, వాక్యం తనకు అదే చూపిస్తున్నదని చెప్పింది. ‘నేను’ అనే మాటతోనే చెప్పింది. ఏర్పాటు ప్రకారం తప్పులేదు. పంతులమ్మ వెంటనే, “అక్కా, అది నీ వంతు వాక్యం కాదు. ఆయన వంతుది నువ్వు మోయవద్దు” అన్నది. ఆ సాయంకాలమే ఇద్దరు పెద్దలు లేచి ఆ ఇంటికి పోయారు. ఆమె కొన్నాళ్లు పుట్టింటిలో ఉండే ఏర్పాటు కూడ చేశారు.

ఆత్మపరీక్షకు ఉన్న రెండవ గొయ్యి ఇదే. యోబు గ్రంథమంతా దీన్ని గురించిన హెచ్చరిక. బిడ్డలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి, బాగా వెతుక్కో, నీలో ఏదో దోషం ఉండే ఉంటుంది అని అధ్యాయాలకొద్దీ వాదించారు. వారి మాటలు వినడానికి భక్తిగానే ఉంటాయి. చివర దేవుడు కోపగించినది ఆ స్నేహితులమీద. లేని తప్పును ఒప్పుకోవడం వినయం కాదు, అది కూడ అబద్ధమే. తన వంతును ఇతరులకు పంచడం ఎంత తప్పో, ఇతరుల వంతును తన నెత్తిన వేసుకోవడం, దెబ్బలు తిన్నవారి నెత్తిన వేయడం అంత తప్పు. బలహీనుల నోరు మూయించడానికి లేఖనాన్ని వాడేవారు యోబు స్నేహితుల వరుసలోనివారే.

తన తప్పే అయినా, దాన్ని చూచి అక్కడే కూలబడిపోవడం కూడ చదువు ఉద్దేశం కాదు. ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు గురువుకు ద్రోహం చేశారు. యూదా అప్పగించాడు, పేతురు ఎరుగనని ముమ్మారు బొంకాడు. ఇద్దరికీ తప్పు తెలిసింది, ఇద్దరూ దుఃఖించారు. యూదా వెండి నాణెములు తిరిగి పారవేసి, ఒంటరిగా పోయి ఉరివేసుకొన్నాడు. పేతురు ఏడ్చి, తిరిగి తోటి శిష్యులలోకి వచ్చాడు. ‘మారుమనస్సు’ అని మనం చెప్పుకొనే మాట ఎంత సరిగా కుదిరిందో చూడండి. మనస్సు మారాలి, విరగవలసిన పని లేదు. మూలంలోని మాటకు కూడ అర్థం మనస్సు మారడమనే. కన్నీరు దానికి గుర్తు కావచ్చు, కాకపోవచ్చు. ఎకరంన్నర రిజిస్టరు కావడం మాత్రం గుర్తే.

ఇంట్లో ఒంటరిగా చదువుకొనేవారికి మేము చెప్పగలిగినది కొద్దిపాటిదే. ఎక్కువ చదవవద్దు, ఒక కథో, ఒక కీర్తనో చాలు. మా గనులలో టన్ను రాయి నలిపితే దొరికేది కొన్ని గ్రాముల బంగారం. తొందరపడితే అదీ దొరకదు. చదివిన కథలో ముందుగా మనకు నచ్చని మనిషి ఎవరో గుర్తుపట్టండి. వాడు మన ఇంట్లో, మన ఉద్యోగంలో ఏ పేరుతో తిరుగుతున్నాడని వెతకబోయే ముందు, మన చొక్కా తొడుక్కొని ఉన్నాడేమో చూడండి. ఉంటే, కారణం కలపకుండా ఒక్క వాక్యంలో చెప్పుకోండి. లేకపోతే, లేదనే చెప్పుకోండి. చివరగా, ఆ వారంలో చేయదగిన పని ఒకటి కాగితంమీద వ్రాసుకోండి. ఇవ్వవలసిన బాకీ కావచ్చు, వ్రాయవలసిన ఉత్తరం కావచ్చు, ఊరికే పోయి కూర్చుని రావలసిన ఇల్లు కావచ్చు. పని లేని ఆత్మపరీక్ష ఒక విధమైన వినోదమే. నమ్మకస్తుడైన స్నేహితుడొకరు దగ్గర ఉంటే మరీ మంచిది. దావీదుకు కూడ నాతాను కావలసివచ్చింది గదా.

కడరాత్రి భోజనం దగ్గర, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని యేసు అన్నాడు. పన్నెండుమంది కూర్చున్న బల్ల. ఒకరిమీద ఒకరికి అనుమానాలు ఉండడానికి కావలసినంత చోటున్నది. అంతకుముందు తమలో ఎవరు గొప్ప అని వాదించుకొన్నవారే వాళ్లు. అయినను మత్తయి వ్రాసినదాని ప్రకారం, ఆ క్షణంలో వాడేనా అని ఎవరూ అడగలేదు. నేనా అని ఒక్కొక్కరే అడిగారు. వారిలో పదకొండుమంది ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుతో కాకపోయినా, ఆ ప్రశ్న అడగగలిగినందువల్ల కొంత పెరిగి ఉంటారని మాకు తోస్తుంది.